ఆన్‌లైన్ బోధనకు ఉపాధ్యాయుల సన్నద్ధత: ఒక చారిత్రక పరిశీలన (1961 - 2020)

వ్యాససంగ్రహం

2020 మార్చిలో విద్యాసంస్థలు మూతపడినప్పుడు ఆన్‌లైన్ బోధనకు ఉపాధ్యాయులు సన్నద్ధంగా లేరన్న అభిప్రాయం విస్తృతంగా వినిపించింది. ఆ లోపాన్ని ఉపాధ్యాయుల వ్యక్తిగత అశక్తతగా చూసినవారే ఎక్కువ. భారతదేశంలో ప్రసార మాధ్యమాల ద్వారా బోధన 1961 నుంచి సాగుతూనే ఉంది. ఆ ఆరు దశాబ్దాల ప్రయోగాలలో ఉపాధ్యాయులకు ఏ పాత్ర దక్కిందో పరిశీలిస్తే 2020 నాటి స్థితికి కారణాలు స్పష్టమవుతాయి. చాలా ప్రయోగాలు ఉపాధ్యాయుణ్ణి పాఠం తయారుచేసే వ్యక్తిగా గాక, మరొకచోట తయారైన పాఠాన్ని విద్యార్థులకు చేరవేసే సహాయకుడిగా భావించాయి. ఇందుకు భిన్నమైన ప్రయత్నాలు కొన్ని జరిగినా వాటికి కొనసాగింపు లేదు. సన్నద్ధత వ్యక్తి గుణం కాదని, వ్యవస్థ అప్పగించిన పాత్రకు ఫలితమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు ప్రాంత అనుభవానికి, తెలుగు భాషాసాహిత్యాల బోధనకు ఇందులో ప్రాధాన్యం ఇవ్వబడింది.

కీలకపదాలు: ఆన్‌లైన్ బోధన, సన్నద్ధత, సైట్ ప్రయోగం, దూరవిద్య, ఉపాధ్యాయ శిక్షణ, తెలుగు బోధన.

1. ఉపోద్ఘాతం

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. అప్పటికే చాలా రాష్ట్రాలలో పాఠశాలలు, కళాశాలలు మూతపడ్డాయి. వారాల వ్యవధిలోనే నల్లబల్ల స్థానంలోకి చరవాణి తెర వచ్చింది. అంతవరకు జూమ్, గూగుల్ మీట్ వంటి పేర్లు కూడా విననివారు వాటిలోనే పాఠం చెప్పవలసి వచ్చింది. వాట్సాప్ సమూహమే హాజరుపట్టీగా, ప్రకటన ఫలకంగా, జవాబుపత్రాల పెట్టెగా మారింది.

ఆ సమయంలో వెలువడిన పరిశీలనలలో అధికభాగం ప్రశ్నావళుల మీద ఆధారపడ్డాయి. ఉపాధ్యాయులకు కంప్యూటర్ ఉందా, అంతర్జాలం ఉందా, ఏయే సాఫ్ట్‌వేర్‌లు తెలుసు, ఎంత ఆత్మవిశ్వాసం ఉంది అన్న ప్రశ్నలు వాటిలో ప్రధానం. అవి అవసరమైన ప్రశ్నలే. అయితే అవి ఒక క్షణాన్ని మాత్రమే కొలుస్తాయి. ఆ క్షణానికి ముందున్న చరిత్రను చెప్పవు. 2020లో ఉపాధ్యాయులు ఎందుకు అలా ఉన్నారు అన్న ప్రశ్నకు సమాధానం 2020లో దొరకదు.

అందువల్ల ఈ వ్యాసం ప్రతి దశనూ మూడు ప్రశ్నలతో పరిశీలిస్తుంది. పాఠాన్ని ఎవరు తయారుచేశారు? తరగతి ఉపాధ్యాయుడు ఏ పని చేయాలని ఆశించారు? ఆ పనికి ఏ శిక్షణ ఇచ్చారు?

2. సన్నద్ధత అంటే ఏమిటి?

సన్నద్ధతను పరికరాల వినియోగ నైపుణ్యంగా అర్థం చేసుకోవడం సాధారణం. విద్యాశాస్త్ర చర్చ ఈ అర్థాన్ని చాలాకాలం కిందటే దాటింది. విషయం తెలియడం, బోధించడం తెలియడం అనే రెండింటి కలయికతో ఉపాధ్యాయులకు మాత్రమే ఉండే ఒక ప్రత్యేక జ్ఞానం ఏర్పడుతుందని లీ షుల్‌మన్ 1986లో ప్రతిపాదించారు. పునియా మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో దీనికి సాంకేతికతను మూడవ అంశంగా చేర్చారు. వారి దృష్టిలో సాంకేతిక జ్ఞానం విడిగా నేర్చుకుని పాఠానికి అతికించుకునేది కాదు. ఏ విషయాన్ని, ఏ పద్ధతిలో, ఏ సాధనంతో చెప్పాలో కలిపి నిర్ణయించగలగడమే అసలైన సామర్థ్యం.

గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ 2000లో ప్రతిపాదించిన నమూనా ఆన్‌లైన్ అభ్యసనానికి మూడు రకాల ఉనికి అవసరమని చెబుతుంది. అవి ఆలోచనాత్మక ఉనికి, సామాజిక ఉనికి, బోధనాత్మక ఉనికి. విద్యార్థి కంటికి కనిపించనప్పుడు కూడా ఉపాధ్యాయుడు ఉన్నాడన్న స్పృహ కలగాలంటే పాఠ్యరచన, చర్చానిర్వహణ, ప్రతిస్పందన అనే మూడింటి మీదా ఉపాధ్యాయునికి అధికారం ఉండాలి.

2020 మార్చిలోనే ఛార్లెస్ హాడ్జెస్, ఆయన సహరచయితలు ప్రణాళికతో రూపొందే ఆన్‌లైన్ విద్యను, విపత్తులో తాత్కాలికంగా చేపట్టే దూరబోధనను వేరుచేసి చూడాలని సూచించారు. ఈ భేదం న్యాయమైనది. అయినా భారతదేశ సందర్భంలో ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆరు దశాబ్దాల ప్రయోగానుభవం ఉన్న దేశంలో ఆ మార్పు అంత ఆకస్మికంగా ఎందుకు అనిపించింది?

3. తొలి టెలివిజన్ తరగతి

పాఠశాలల కోసం క్రమబద్ధమైన టెలివిజన్ పాఠాలు 1961లో ఢిల్లీలో మొదలయ్యాయి. ఫోర్డ్ ఫౌండేషన్ ఇందుకు సహకరించింది. ప్రయోగశాలలు, తగిన అర్హతగల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు తక్కువగా ఉండటం ఈ పథకానికి ప్రధాన ప్రేరణ. ఉత్తమ ఉపాధ్యాయుని పాఠాన్ని, ఖరీదైన ప్రయోగాన్ని ఒకేసారి అనేక పాఠశాలలకు చేర్చాలన్నది ఆశయం.

ఆశయం గొప్పదే. కాని ఈ తర్కంలోనే తర్వాతి కాలమంతా వెంటాడిన ఒక భావన ఉంది. తరగతిలోని ఉపాధ్యాయుడు లోపం అయితే, తెర ఆ లోపానికి పూరణ. ప్రసారానికి ముందు పాఠాన్ని పరిచయం చేయడం, ప్రసారం ముగిశాక సందేహాలు తీర్చడం తరగతి ఉపాధ్యాయుని బాధ్యత. కాలనిర్ణయ పట్టిక మాత్రం ప్రసార కేంద్రం చేతిలో ఉంటుంది. తరగతి వేగం ఎలా ఉన్నా ఆ రోజు రావలసిన పాఠం ఆ రోజు వస్తుంది. ఆపమని చెప్పే వీలు లేదు, మళ్లీ చెప్పమని అడిగే వీలూ లేదు.

4. సైట్ ప్రయోగం: ఒక మినహాయింపు

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. దీని ఆంగ్ల సంక్షిప్త నామం ‘సైట్’. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వినియోగించి భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, ఆకాశవాణి దీనిని నిర్వహించాయి. ఆంధ్రప్రదేశ్, బిహార్, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒరిస్సా, రాజస్థాన్ రాష్ట్రాలలో దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చేరాయి. హిందీ, కన్నడ, ఒరియా భాషలతో పాటు తెలుగు కూడా ఇందులో ప్రసార భాష. కార్యక్రమాల తయారీకి ఢిల్లీ, కటక్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ కేంద్రం ఏర్పడింది. ఉదయం వేళ బడిపిల్లల కోసం, సాయంత్రం వయోజనుల కోసం ప్రసారాలు ఉండేవి.

అప్పటికి తెలుగు పల్లెలలో అధికభాగం విద్యుత్తుకే కొత్త. అలాంటి చోట ఉపగ్రహం నుంచి నేరుగా తెలుగు మాట వినిపించడం అసాధారణమైన సంగతి. సైట్ గురించిన చర్చలు ఎక్కువగా ఈ సాంకేతిక విజయం చుట్టూనే తిరిగాయి. ఉపాధ్యాయ శిక్షణ దృష్ట్యా చూస్తే అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. ఈ ప్రయోగకాలంలో సుమారు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు రెండు విడతలుగా, ఒక్కొక్క విడతలో 12 రోజుల చొప్పున విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఈ శిక్షణను రూపొందించింది.

ఆ శిక్షణ నిర్మాణం గమనించదగినది. అది టెలివిజన్ కార్యక్రమాలకే పరిమితం కాలేదు. రేడియో ప్రసారాలు, ముద్రిత కరదీపికలు, చేతితో చేసే కృత్యాలు, శిక్షణ కేంద్రంలో ఒక మార్గదర్శి సమక్షంలో చర్చ అన్నీ కలిసి ఒక సంపుటిగా అందాయి. ఉపాధ్యాయులు తెరపై చూసిన దానిని స్థానికంగా దొరికే వస్తువులతో తామే చేసి చూశారు. అంటే వారు ఏకకాలంలో దూరవిద్యలో అభ్యాసకులుగానూ, రేపటి తరగతికి పాఠం కూర్చుకునే బోధకులుగానూ ఉన్నారు. మాధ్యమం ద్వారా నేర్చుకోవడంలోని సుఖమూ కష్టమూ వారికి అనుభవంలోకి వచ్చాయి. ఆన్‌లైన్ బోధకుడు మొదట ఆన్‌లైన్ అభ్యాసకుడు కావాలన్న నేటి సూత్రానికి ఇది పూర్వరూపం.

ఈ అనుభవం నిలవలేదు. ఏటీఎస్-6 ఒక సంవత్సరానికే భారతదేశానికి అందుబాటులో ఉంది. ఉపగ్రహం వెళ్లిపోవడంతో ప్రయోగం ముగిసింది. తర్వాత ఇన్‌శాట్ శ్రేణి ఉపగ్రహాలతో పాఠశాల ప్రసారాలు తిరిగి వచ్చాయి. హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాలలో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థలు ఏర్పడి స్థానిక భాషలలో కార్యక్రమాలు తయారుచేశాయి. ప్రసారం కొనసాగింది గాని, సైట్ నాటి శిక్షణ సమగ్రత ఆ స్థాయిలో నిత్య వ్యవస్థగా రూపొందలేదు.

5. సార్వత్రిక విశ్వవిద్యాలయం: రచయితగా అధ్యాపకుడు

తెలుగు ప్రాంతంలో రెండవ మినహాయింపు ఉన్నత విద్యలో కనిపిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే ఉత్తర ప్రత్యుత్తర విద్యను ప్రారంభించింది. 1982 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆచార్య జి. రాంరెడ్డి దాని మొదటి ఉపకులపతి. 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆయనే తొలి ఉపకులపతి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తర్వాత డా. బి.ఆర్. అంబేద్కర్ పేరును స్వీకరించింది.

ఈ సంస్థ అధ్యాపకునికి కొత్త పాత్ర ఇచ్చింది. కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఇక్కడ పాఠ్యరచయితలయ్యారు. ఎదుట లేని విద్యార్థికి అర్థమయ్యేలా రాయడం వేరే విద్య. పాఠం ఆరంభంలో లక్ష్యాలు చెప్పాలి, విషయాన్ని చిన్న భాగాలుగా విడగొట్టాలి, మధ్యమధ్య స్వీయపరీక్ష ప్రశ్నలు ఇవ్వాలి, చివర సారాంశం, సమాధానాలు పొందుపరచాలి. తరగతిలో విద్యార్థి ముఖం చూసి సరిదిద్దుకునే వీలు ఉంటుంది. ముద్రిత పాఠంలో విద్యార్థికి ఎక్కడ సందేహం వస్తుందో ముందే ఊహించాలి. ఆన్‌లైన్ పాఠరచనకు నేడు చెప్పే నియమాలలో చాలావరకు ఇవే. ఉన్న కళాశాలల్లోనే అధ్యయన కేంద్రాలు నడిచాయి. అక్కడి అధ్యాపకులు సెలవు రోజులలో సంపర్క తరగతులు నిర్వహించి విద్యార్థులతో ముఖాముఖి మాట్లాడారు. ఆకాశవాణి పాఠాలు దీనికి తోడయ్యాయి.

తెలుగు మాధ్యమంలో సామాజిక శాస్త్రాలు, విజ్ఞానశాస్త్రాలు రాయగల అధ్యాపక వర్గం ఈ క్రమంలో ఏర్పడింది. అయితే ఈ నైపుణ్యం దూరవిద్య అనే గది గోడలు దాటలేదు. సాధారణ కళాశాలల దృష్టిలో దూరవిద్య రెండవ శ్రేణి విద్యగానే ఉండిపోయింది. పగలు డిగ్రీ కళాశాలలో, ఆదివారం అధ్యయన కేంద్రంలో పాఠం చెప్పేది ఒకే అధ్యాపకుడు అయినా, రెండో చోట నేర్చుకున్నది మొదటి చోట పనికివస్తుందని ఏ వ్యవస్థా గుర్తించలేదు. 2020లో సాధారణ కళాశాలలు ఆన్‌లైన్ బోధనకు మార్గదర్శకులను వెతుక్కున్నప్పుడు, నాలుగు దశాబ్దాల దూరవిద్యా రచనానుభవం వారి పక్కనే ఉంది.

6. దేశవ్యాప్త తరగతి, కంప్యూటర్ పెట్టె

1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఇన్‌శాట్ ద్వారా కళాశాల విద్యార్థుల కోసం దేశవ్యాప్త తరగతి గది ప్రసారాలను మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో ఆంగ్ల, విదేశీ భాషల కేంద్రీయ సంస్థలో ఏర్పడిన మాధ్యమ కేంద్రం కూడా ఇందుకు కార్యక్రమాలు తయారుచేసింది. అవి విజ్ఞానదాయకాలు, నాణ్యమైనవి. కాని ప్రధానంగా ఆంగ్లంలో ఉండేవి, ఏ విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికకూ నేరుగా అనుబంధమైనవి కావు. తెలుగు మాధ్యమంలో చదివే డిగ్రీ విద్యార్థికీ, అతని అధ్యాపకునికీ అవి పాఠంలో భాగం కాలేకపోయాయి.

అదే కాలంలో 1984-85లో ‘క్లాస్’ పథకం కింద దాదాపు 250 పాఠశాలలలో బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ప్రవేశించాయి. ఇక్కడినుంచి కంప్యూటర్ ఒక ప్రత్యేక గదిలో, ఒక ప్రత్యేక పిరియడ్‌లో, ఒక ప్రత్యేక బోధకుని అధీనంలో ఉండే వస్తువుగా స్థిరపడింది. 2004లో వచ్చిన ఐ.సి.టి. పథకం పరిధి పెంచింది. అయినా చాలా పాఠశాలలలో కంప్యూటర్ గది తాళంచెవి గణిత, తెలుగు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల చేతికి రాలేదు. కంప్యూటర్ ఒక విషయంగా బోధన పొందింది. ఇతర విషయాల బోధనకు సాధనం కావడం ఆలస్యమైంది.

ఈ దశలోనే శిక్షణ సంస్థలు విస్తరించాయి. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, 1987లో అకడమిక్ స్టాఫ్ కళాశాలలు వచ్చాయి. కళాశాల అధ్యాపకులకు ఓరియంటేషన్, పునశ్చరణ తరగతులు పదోన్నతికి అర్హతగా మారాయి. ఇది హాజరును పెంచింది. అదే సమయంలో శిక్షణ పరమార్థాన్ని ధ్రువపత్రానికి కుదించే ప్రమాదాన్నీ తెచ్చింది. శిక్షణ తర్వాత తరగతిలో ఏం మారింది అని అడిగే ఏర్పాటు లేనప్పుడు, ఎందరు శిక్షణ పొందారన్న లెక్కే సన్నద్ధతకు కొలమానమైంది.

7. ఉపగ్రహం నుంచి వేదిక వరకు

2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎడ్యుశాట్ విద్యకే కేటాయించిన తొలి భారతీయ ఉపగ్రహం. రెండువైపులా మాట్లాడే వీలు దీని ప్రత్యేకత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన టీవీ పాఠశాల, కళాశాల విద్యార్థులకు పాఠాలు అందించింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో ఆ వారసత్వం టి-శాట్ రూపంలో విద్య, నిపుణ అనే రెండు ఛానళ్లుగా కొనసాగింది. తెలుగు అధ్యాపకులు కొందరు ఈ స్టూడియోలలో పాఠాలు చెప్పారు. కెమెరా ముందు నిలబడి మాట్లాడటం, సమయానికి ముగించడం వారికి అలవడింది. వారి సంఖ్య మాత్రం పరిమితం. మిగిలినవారు మళ్లీ విద్యార్థులను తెర ముందు కూర్చోబెట్టే పాత్రలోనే ఉన్నారు. పరికరం చెడిపోతే బాగుచేయించే అధికారం గాని, పాఠం తమ తరగతికి తగినట్లు లేకపోతే మార్చే అవకాశం గాని వారికి లేవు.

అంతర్జాలం వచ్చాక సాధనాలు మారాయి. ఎన్‌పీటీఈఎల్ 2003లో సాంకేతిక విద్యా పాఠాలతో మొదలైంది. 2017 జులైలో స్వయం, అదే సంవత్సరం సెప్టెంబర్‌లో దీక్ష వేదికలు ప్రారంభమయ్యాయి. 2018లో కళాశాల అధ్యాపకుల పునశ్చరణ తరగతులు ‘అర్పిత్’ పేరుతో స్వయం వేదికపైకి వచ్చాయి. సైట్ తర్వాత అధ్యాపకులను దూర అభ్యాసకులుగా మార్చిన పెద్ద ప్రయత్నాలలో ఇదొకటి. అయితే ఇందులోనూ అధ్యాపకులు ప్రధానంగా వీడియో చూసి, బహుళైచ్ఛిక ప్రశ్నలకు సమాధానం గుర్తించేవారే. తామే ఒక ఆన్‌లైన్ పాఠం నిర్మించి, విద్యార్థులపై ప్రయోగించి, లోపాలు దిద్దుకునే అభ్యాసం దానికి కేంద్రం కాలేదు.

2019 ఆగస్టులో ప్రారంభమైన ‘నిష్ఠ’ దాదాపు 42 లక్షల మంది ఉపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకుంది. అది ముఖాముఖి శిక్షణగా రూపొందింది. ఏడాది తిరగకముందే అదే కార్యక్రమం తెరపైకి మారవలసి వచ్చింది. 2020 జులై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక వనరుల వ్యక్తులతో ఆన్‌లైన్ నిష్ఠ తొలి కార్యక్రమం మొదలైంది. ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ శిక్షణ అందే నాటికే వారు కొన్ని నెలలుగా ఆన్‌లైన్ తరగతులతో సతమతమవుతున్నారు. శిక్షణ, ఆచరణల క్రమం తలకిందులైంది.

8. 2020: పాత్ర మారిన వేళ

ఇంతవరకు చూసిన చరిత్ర వెలుగులో 2020 మార్పు స్వభావం బోధపడుతుంది. అంతవరకు తెర వెనుక ఉన్న వ్యక్తి ఒకరు, తరగతిలో ఉన్న వ్యక్తి మరొకరు. 2020లో ఆ ఇద్దరి పనీ ఒక్కరి మీదే పడింది. పాఠ్యరచయిత, వక్త, కెమెరా నిర్వాహకుడు, సాంకేతిక సహాయకుడు, మూల్యాంకనకర్త అన్ని పాత్రలూ ఒకే ఉపాధ్యాయునివి అయ్యాయి. వీటిలో తొలి మూడింటికి అరవై ఏళ్లలో అతన్ని ఎవరూ సిద్ధం చేయలేదు.

ప్రభుత్వాల స్పందనలోనూ పాత నమూనా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా 3 నుంచి 10వ తరగతి వరకు పాఠాలు మొదలయ్యాయి. అంతర్జాలం లేని ఇళ్లకు ఇది సరైన మార్గమే. 75వ విడత జాతీయ నమూనా సర్వే (2017-18) ప్రకారం గ్రామీణ కుటుంబాలలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, అంతర్జాల సౌకర్యం ఉన్నవి 14.9 శాతం మాత్రమే. నగరాలలో ఇవి వరుసగా 23.4, 42.0 శాతం. ఇలాంటి చోట టెలివిజన్‌ను విడిచిపెట్టడం న్యాయం కాదు. అయితే ప్రసారం తర్వాత విద్యార్థికి ఏం అర్థమైందో తెలుసుకోవడం, అభ్యాసపత్రం చేరవేయడం, ఫోన్ చేసి అడగడం అన్నీ స్థానిక ఉపాధ్యాయుల పనులే. ఢిల్లీలో 1961లో ఊహించిన ‘ప్రసారానంతర కృషి’ ఇది. తేడా ఒక్కటే. అప్పుడు విద్యార్థులు ఉపాధ్యాయుని ఎదుట ఉన్నారు. ఇప్పుడు వారు చెదిరిపోయిన ఇళ్లలో, పొలాలలో ఉన్నారు.

2020 జులై 14న కేంద్రం విడుదల చేసిన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాలు తరగతుల నిడివికి పరిమితి సూచించాయి. 1 నుంచి 8వ తరగతి వరకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల తరగతులు రెండుకు మించరాదని, 9 నుంచి 12 వరకు నాలుగుకు మించరాదని పేర్కొన్నాయి. విద్యార్థుల ఆరోగ్యం దృష్ట్యా ఇది అవసరం. ఆ కొద్ది సమయంలో ఏ పాఠ్యాంశాన్ని ఉంచాలి, దేనిని తగ్గించాలి అన్న నిర్ణయం మాత్రం తరగతి ఉపాధ్యాయుని చేతికి పూర్తిగా రాలేదు. పాఠ్యప్రణాళికల కుదింపు పైనుంచే జరిగింది.

ఇక్కడ కేరళ అనుభవంతో పోలిక ఉపయుక్తం. అక్కడ ఐటీ ఎట్ స్కూల్ పథకం 2001లో మొదలైంది. ఉపాధ్యాయులనే శిక్షకులుగా తయారుచేయడం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వినియోగించడం, మలయాళంలో పనిచేసే వాతావరణాన్ని కల్పించడం దాని పద్ధతి. 2005లో విక్టర్స్ అనే విద్యా ఛానల్ వచ్చింది. 2020 జూన్ 1న ‘ఫస్ట్ బెల్’ తరగతులు మొదలైనప్పుడు అక్కడి వ్యవస్థ వెనుక దాదాపు రెండు దశాబ్దాల నిరంతర కృషి ఉంది. అక్కడా పరికరాలు లేని విద్యార్థుల సమస్య తీవ్రంగానే ఎదురైంది. అయినా ఉపాధ్యాయ సన్నద్ధత ఒక విపత్తులో పుట్టేది కాదని, కొనసాగింపులో పండేదని ఆ ఉదాహరణ చెబుతుంది.

9. తెలుగు బోధకుల ప్రత్యేక స్థితి

సన్నద్ధతను విషయంతో సంబంధం లేని సాధారణ నైపుణ్యంగా కొలిచే పరిశీలనలు భాషాబోధకుల సమస్యను పట్టుకోలేవు. తెలుగు అధ్యాపకులకు మొదటి అడ్డంకి లిపి. యూనికోడ్ తొలి రూపంలోనే, అంటే 1991లోనే, తెలుగుకు స్థానం ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెలుగు చూపే వీలు కల్పించింది. అయినా తెలుగు ప్రచురణ రంగం చాలాకాలం అను వంటి ప్రత్యేక ఫాంట్ల మీద నడిచింది. డి.టి.పి. కేంద్రంలో ఇచ్చి టైపు చేయించుకున్న పాఠం మరో యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనిపించేది. సొంతంగా టైపు చేయవలసిన అవసరమే రాని తరం అధ్యాపకులు 2020లో ఒక్కసారిగా తెలుగులో పాఠ్యపత్రాలు, ప్రశ్నపత్రాలు తయారుచేయవలసి వచ్చింది. చాలామంది చేతిరాత కాగితాన్ని ఫోటో తీసి పంపారు. దానిని వెనుకబాటుగా చూసినవారున్నారు. నిజానికి అది ఉన్న సాధనంతో బోధన ఆగకుండా చూసిన వివేకం.

రెండవది బోధనావిధానం. పద్యబోధన వినికిడితో ముడిపడింది. అధ్యాపకుడు రాగయుక్తంగా చదివితే తరగతి అంతా ఒకే గొంతుతో అనడం మన సంప్రదాయం. వీడియో సమావేశంలో ఒక్కొక్కరి ధ్వని ఒక్కొక్క ఆలస్యంతో చేరుతుంది. అందువల్ల సామూహిక పఠనం సాధ్యం కాదు. ఛందస్సు చెప్పేటప్పుడు పాదం కింద గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, యతిస్థానం చూపాలి. నల్లబల్ల మీద రెండు నిమిషాల పని అది. మౌస్‌తో గీయడం కష్టం, ముందే చిత్రంగా పెడితే ఆలోచన క్రమం కనిపించదు. సంధి విడదీయడం, సమాసానికి విగ్రహవాక్యం రాయడం కూడా అంతే. ఇవన్నీ విద్యార్థి కళ్లముందు అంచెలంచెలుగా జరగాలి.

మూడవది మూల్యాంకనం. గూగుల్ ఫామ్ వంటి సాధనాలు బహుళైచ్ఛిక ప్రశ్నలకు అనుకూలం. సందర్భసహిత వ్యాఖ్య, ప్రతిపదార్థం, విమర్శనాత్మక వ్యాసం వంటివి అందులో ఇమడవు. సాధనం సులభంగా కొలవగలిగినదే బోధనాలక్ష్యంగా మారితే సాహిత్యబోధన కవి జననకాలం, బిరుదు, కృతిపేరు అనే వివరాల దగ్గరే ఆగిపోతుంది.

ఈ మూడింటికీ పరిష్కారాలు ఉన్నాయి. పద్యపఠనాన్ని ముందుగా ధ్వనిముద్రించి పంపి, విద్యార్థుల పఠనాన్ని విడివిడిగా ధ్వనిరూపంలో తెప్పించుకుని, ఒక్కొక్కరి ఉచ్చారణ దిద్దవచ్చు. అరవై మంది ఉన్న తరగతిలో ఇది ముఖాముఖిగా కుదరదు. చరవాణిని పుస్తకాల దొంతర మీద బోర్లించి, కింద కాగితంపై గణవిభజన చేస్తూ చూపినవారు నల్లబల్లను తెరమీదికి తెచ్చారు. ఇలాంటి ఉపాయాలు వేలాది అధ్యాపకులు స్వయంగా కనుగొన్నవే. విషయం, పద్ధతి, సాధనం మూడింటినీ కలిపి నిర్ణయించడమంటే ఇదే. ఈ జ్ఞానాన్ని సేకరించి, పరీక్షించి, శిక్షణలో చేర్చే ప్రయత్నం జరగకపోవడమే లోపం.

10. ముగింపు

1961 నుంచి 2020 వరకు సాగిన ప్రయోగాలలో సాధనం మారింది. ప్రసారకేంద్రం పోయి ఉపగ్రహం వచ్చింది, ఉపగ్రహం తర్వాత అంతర్జాల వేదిక వచ్చింది. ఉపాధ్యాయునికి కేటాయించిన పాత్ర మాత్రం పెద్దగా మారలేదు. పాఠం ఒకచోట తయారవుతుంది, ఉపాధ్యాయుడు మరొకచోట దానిని అందిస్తాడు. సైట్ ఉపాధ్యాయ శిక్షణ, సార్వత్రిక విశ్వవిద్యాలయ పాఠ్యరచన ఈ విభజనను కొంత దాటాయి. మొదటిది కాలపరిమితితో ఆగిపోయింది. రెండవది దూరవిద్య అనే పేరుతో పక్కన ఉండిపోయింది.

2020 జాతీయ విద్యావిధానం ఒక సత్యాన్ని అంగీకరించింది. తరగతి గదిలో మంచి ఉపాధ్యాయుడైనవాడు ఆన్‌లైన్‌లోనూ తనంతట తానే మంచి ఉపాధ్యాయుడు కాలేడని, అందుకు తగిన శిక్షణ అవసరమని అది గుర్తించింది. ఈ గుర్తింపు ఆచరణగా మారాలంటే చరిత్ర నుంచి మూడు పాఠాలు స్వీకరించాలి. శిక్షణలో ఉపాధ్యాయుడు పాఠం నిర్మించాలి, చూసి వదిలేయరాదు. శిక్షణ విషయానుగుణంగా ఉండాలి, తెలుగు అధ్యాపకునికీ భౌతికశాస్త్ర అధ్యాపకునికీ ఒకే పాఠం సరిపోదు. పాఠాన్ని మార్చుకునే అధికారమూ, అందుకు కావలసిన సమయమూ పనిభారంలో భాగంగా లభించాలి. చేతిలో అధికారం లేనివారిని సన్నద్ధత లేనివారని నిందించడం తగదు.

తరగతులు తిరిగి తెరుచుకున్నాక 2020 అనుభవాన్ని ఒక పీడకలగా మరిచిపోయే ధోరణి సహజం. సైట్ విషయంలో జరిగిందీ అదే. అప్పుడు ఉపగ్రహం వెళ్లిపోయింది, దానితో పాటు నేర్చినదీ వెళ్లిపోయింది. ఈసారి సాధనం ఎక్కడికీ పోలేదు, ప్రతి అధ్యాపకుని చేతిలోనే ఉంది. ఆ కాలంలో తెలుగు ఉపాధ్యాయులు రూపొందించిన ధ్వనిపాఠాలు, వీడియోలు, అభ్యాసపత్రాలు వ్యక్తుల చరవాణులలో చెదిరి ఉన్నాయి. అవి చెరిగిపోకముందే సేకరించి విశ్లేషించడం తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం. ఆన్‌లైన్ తెలుగు బోధనకు తొలి ఆధారగ్రంథం రాయవలసి వస్తే దాని ముడిసరుకు అదే.